తప్పు అనని మేడం

ఒక్క మాట చెప్పకుండా ఊరుకుని నేను ఒకావిడ ఉద్యోగం పోగొట్టాను. ఇప్పుడైనా ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఆవిడ పీహెచ్‌డీ ముగించి, డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే రెండేళ్ల పోస్టులో నేను పాఠాలు చెప్పే బందరు కాలేజీకి వచ్చారు. పిల్లలు ఏం చెప్పినా "తప్పు" అనేవారు కాదు. తల కాస్త పక్కకు వంచి, "ఎందుకలా అనిపించింది?" అని అడిగేవారు.

గుండు బరువు పెంచితే లోలకం నెమ్మదిగా ఊగుతుందని ఒకసారి నాగాయలంక అమ్మాయి అంది. ఎందుకని అడిగారు మేడం.

"సరుకెక్కితే మా నాన్న పడవ నిదానంగా ఊగుద్దండి."

"ఒసే, లోలకాన్ని కూడా చేపల వేటకి పంపుతావా?" అని వెనక బెంచీ నవ్వింది.

"కారణం బాగానే చెప్పింది. గుండ్లు మార్చి కట్టి చూద్దాం రండి," అన్నారావిడ. క్లాసంతా బల్ల చుట్టూ మూగింది. ఎంత బరువు కట్టినా లోలకం ఒకే తీరున ఊగింది.

వరండాలో నిలబడి చూస్తున్న నాకు కడుపు మండింది. ఆ అమ్మాయి నా క్లాసులో ఒక్కసారీ నోరు విప్పలేదు.

పోస్టు పొడిగించే సమయంలో ప్రిన్సిపాల్‌గారు, "ఈ ఆటలతో ఆవిడ సిలబస్ అయిందంటారా మాస్టారూ?" అని అడిగారు. అందరికంటే ముందే అయిందని నాకు తెలుసు. కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను. పోస్టు పొడిగించలేదు.

మొన్న గుడివాడలో ఆవిడ పాఠాలు చెప్పే ట్యుటోరియల్‌కి వెళ్లాను.

"మేడం, మీ ఉద్యోగం పోయింది నావల్లేనండి. మీరంటే అసూయతో నిజం చెప్పలేదు. నన్ను క్షమించండి," అన్నాను.