చీరల కొట్లో ఏసీ జాలీలు

అమలాపురంలో చీరల కొట్లో పనికి చేరేటప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. తొంభైల చివర్లో ఆ కొట్టుకి ఏసీలు పెట్టించేరు, గోడలో బిగించే పెట్టెలు రెండు. మలికిపురం నుంచీ ముమ్మిడివరం నుంచీ చీరలకొచ్చినవాళ్లు ముందు ఆ గాలికి కాసేపు నిలబడేవారు. పనివాళ్లం మాత్రం అక్కడ నిలబడకూడదు.

పట్టు కౌంటర్లో నాతోపాటు ఒకావిడ ఉండేది. యాభైకి దగ్గరపడిన మనిషి. మడత చెడకుండా చీర విప్పడం నాకు నేర్పింది ఆవిడే. అక్కా అని పిలిచేదాన్ని. ఆ వయసు ఆడవాళ్లకొచ్చే ఆవిర్లు ఆవిడకి మొదలయ్యేయి. ఉన్నట్టుండి మొహం ఎర్రబడి జాకెట్టు తడిసిపోయేది. గల్లాపెట్టె దగ్గర కూర్చునే షావుకారుగారి భార్య అందరికీ వినబడేలా, "పట్టు మీద నీ చెమట పడితే చీర ఎవరు కొంటారు?" అనేవారు. మేం నవ్వేవాళ్లం. నేనూ నవ్వేదాన్ని.

రెండో వేసవికి కొట్టు చల్లబడ్డం మానేసింది. పొద్దున్న వేసిన మిషన్లు కొట్టు కట్టేదాకా ఆగకుండా గుయ్యిమంటూనే ఉండేవి. గాలి మాత్రం ఎదురుగా నిలబడితేగాని తెలిసేది కాదు. కరెంటు బిల్లు చూసి షావుకారుగారు మమ్మల్ని వరసగా నిలబెట్టేరు.

"తలుపు తీస్తున్నదెవరు?"

ఆవిరి తట్టుకోలేనప్పుడు అక్క సందువైపు తలుపు తీసి, కాస్త ఊపిరి పీల్చుకుని మూసెయ్యడం నేను చూసేను. ఆయన నావైపు తిరిగి మళ్లీ అడిగేరు. ఉద్యోగం పోతుందని భయం వేసింది. అబద్ధమెందుకు, పట్టు కౌంటరు నాకొక్కదానికే వస్తుందన్న ఆశ కూడా ఉంది.

"అక్కేనండి," అన్నాను.

"గాలి కావాలా? బయట బోలెడుంది," అన్నారాయన.

మర్నాటినుంచి ఆవిణ్ణి కొట్టు మెట్ల మీద నిలబెట్టేరు, వచ్చేవాళ్లకి దణ్ణం పెట్టి లోపలికి పిలవమని. వైశాఖం ఎండ. అద్దంలోంచి నాకు కనబడుతూనే ఉండేది. మంచినీళ్లు పట్టుకెళ్దామని లేస్తే, "నీ పని చూసుకో," అన్నారు షావుకారుగారి భార్య. చూసుకున్నాను. నాలుగోరోజు మధ్యాహ్నం ఆవిడ పడిపోయింది. మెట్టు అంచు తగిలి నుదురు చిట్లింది. నెత్తురు నాచేతే కడిగించి, ఆవిణ్ణి ఇంక రానక్కర్లేదన్నారు.

తర్వాతి వారం మెకానిక్ వచ్చేడు. మిషను ముందు పలక ఊడదీసి లోపల దుమ్ము ఆపే జాలీ బయటికి లాగేడు. జాలీ మీద చీరల నూగు దుప్పటిలా పేరుకుపోయింది. వెనకవైపు సందులో కొబ్బరికాయలు వలుస్తారు. ఆ పీచుదుమ్ము మిషను వెనక రేకుల సందులన్నీ మూసేసింది.

"పెట్టించేక ఎప్పుడైనా కడిగించేరాండీ?"

"కడగాలా?" అన్నారు షావుకారుగారు.

"గాలాడకపోతే ఎంతసేపు తిరిగినా చల్లబడదండి. చల్లబడేదాకా ఆగదు. ఆగనంతసేపూ కరెంటు లాగుతూనే ఉంటుంది. పదిహేను రోజులకోసారి జాలీ కడిగించండి, ఏడాదికి రెండుసార్లు వెనక రేకులు కడిగించండి, చాలు."

"తలుపు తీయడం వల్ల కాదా?"

"ఎప్పుడో ఓసారి తీస్తే ఇంత అవదండి."

కడిగి బిగించేక కాసేపటికే కొట్టు చల్లబడింది. మిషన్లు వాటంతటవే ఆగేయి. షావుకారుగారు ముచ్చటపడిపోయేరు. అక్క మాట ఎవరూ ఎత్తలేదు. జాలీలు కడిగే పని నాకప్పజెప్పేరు, పట్టు కౌంటరు కూడా. బిల్లు తగ్గింది. దసరాకి నాకు చీర పెట్టేరు. కట్టుకున్నాను.

కొన్నాళ్లకి ఆవిడ ముమ్మిడివరం దగ్గర రొయ్యలు వలిచే షెడ్డులో ఉందని తెలిసి వెళ్లేను. ఐసు నీళ్లలో నాని వేళ్లు పాలిపోయేయి. జాలీ సంగతంతా చెప్పేను. చేతులు ఆపకుండా వింది.

"అయితే తప్పు నాది కాదని వాళ్లకి తెలిసిందా?"

"తెలిసిందక్కా."

"నువ్వేమన్నావు?"

"నేనేం అనలేదు."

"మరి నా దగ్గరికెందుకొచ్చేవు?"

ఆవిడ రొయ్యల తట్ట దగ్గరికి లాక్కుని, నాకు వీపు పెట్టి కూర్చుంది. బస్సొచ్చేదాకా షెడ్డు బయట నిలబడ్డాను. ఒక్కసారి కూడా ఆవిడ ఇటు తిరగలేదు.

ఆ కొట్లో మరో ఆరేళ్లు చేసేను. ఆవిడ దగ్గరికి మళ్లీ వెళ్లలేదు.