చివరి వరుసలో గొడుగు

మాస్టారు పోయారని ఫోన్ వచ్చేసరికి నేను న్యూజెర్సీలో, ఎడిసన్‌లో పప్పులు కొంటున్నాను. చేతిలో కందిపప్పు సంచి ఉంది. ఏడుపు కంటే ముందు నవ్వొచ్చింది. ఎందుకో చెప్పాలంటే ఆ సంచి సంగతి చెప్పాలి.

మా తెలుగు సంఘం నాటకాల్లో వేషాలు వేసేవాళ్ళకి గొంతు విప్పడం నేర్పింది ఆయనే. వాళ్ళింటి బేస్‌మెంట్‌లో మమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద కందిపప్పు సంచి పెట్టేవారు. "ఊపిరి పీలిస్తే సంచి లేవాలి, భుజాలు కాదు" అనేవారు. రిహార్సల్ అయ్యాక ఆ పప్పే వండి పెట్టేవారు వాళ్ళావిడ. మినప్పప్పు పనికిరాదా అని ఓసారి మాస్టార్ని అడిగాను. "పనికొస్తుంది. రుబ్బడానికి నువ్వొస్తావా?" అన్నారు.

హాల్లో ఆయన చోటు చివరి వరుస. మాట వినబడకపోతే తిట్టరు, గొడుగు తెరుస్తారు. నా ముసలి రాజు వేషానికి నెలంతా వానే.

ఒక ఏడాది ఇక్కడే ప్లెయిన్స్‌బరోలో పుట్టి పెరిగిన కాలేజీ అమ్మాయికి కథానాయిక వేషం ఇచ్చాం. ఆ అమెరికా యాసకి కమిటీ బెదిరింది. హైదరాబాద్‌లో ఎవరిచేతైనా డైలాగులు రికార్డ్ చేయిస్తాం, నువ్వు పెదాలు కదుపు చాలన్నారు.

"మరి నేనెందుకు అంకుల్? నా ఫోటో పెట్టేయండి" అంది, కళ్ళలో నీళ్ళతో.

"గ్రాండ్ రిహార్సల్ దాకా ఆగండి. నాకు వినబడకపోతే అప్పుడు రికార్డ్ చేసుకోండి" అన్నారు మాస్టారు. యాస జోలికి పోలేదాయన. "అది నీదేనమ్మా, ఉంచుకో. చివరి మాట మాత్రం మింగకు. మన తెలుగులో 'వచ్చాడో' 'రాలేదో' తేలేది అక్కడే."

గ్రాండ్ రిహార్సల్ రోజు కమిటీవాళ్ళు స్టేజి చూడలేదు, మెడలు తిప్పి గొడుగునే చూశారు. అమ్మాయి మాట్లాడినంతసేపూ అది తెరుచుకోలేదు. రికార్డింగ్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నా సీనులో మాత్రం రెండుసార్లు తెరుచుకుంది, అది వేరే సంగతి.

మొన్న సంతాప సభకి ఆ అమ్మాయి జెర్సీ సిటీ నుంచి వచ్చింది. మైకు పక్కకి నెట్టి, "మాస్టారు నాకు..." అంటూ మొదలుపెట్టింది. తర్వాతి మాట ముందు వరుసకి కూడా అందలేదు.

చివరి వరుసలో నా పక్కన కూర్చున్న మాస్టారి భార్య, ఒళ్ళో ఉన్న ఆ పాత నల్ల గొడుగు తెరిచారు.

అమ్మాయి చూసింది. తడి కళ్ళతోనే నవ్వింది. పొట్ట నిండా ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. చివరి మాట మా దాకా వచ్చాక ఆవిడ మెల్లగా గొడుగు ముడిచి, పక్కనున్న ఖాళీ కుర్చీలో పెట్టారు.