అర స్వరం ఎక్కువ

లిమరిక్‌లో మా బృందం అంటే అయిదుగురం. మూడు వందల ఏళ్ల కిందటి సంగీతాన్ని ఆ కాలపు వాద్యాల మీదే వాయించాలని మా పంతం. నా వయొలిన్‌కు గొర్రె పేగు తీగలు. ఈ సంగతి అమ్మకు ఫోన్‌లో చెప్పి తప్పు చేశాను. "సరస్వతీదేవి వాయిద్యానికి పేగులేంటే, పోయేకాలం కాకపోతే!" అంది. పదేళ్లు కర్ణాటక సంగీతం నేర్పించిన మనిషి మరి. ఆ తీగలకు తేమ గిట్టదు. చినుకు పడితే చాలు, శ్రుతి తప్పుతాయి. ఐర్లండ్‌లో చినుకు పడని రోజేది?

మాకు శ్రుతి ఇచ్చేది హార్ప్సికార్డ్ వాయించే పెద్దాయన. బళ్లో టీచరుగా రిటైరయ్యారు. పియానోకు తాతలాంటి ఆ వాద్యాన్ని, అందరికంటే గంట ముందే చర్చి హాలుకు వచ్చి, ఒక్కో తీగా సరిచేసేవారు. ఆ కాలపు శ్రుతి ఇప్పటిదానికంటే అర స్వరం తక్కువ. దాని గురించి నేనెప్పుడూ బుర్ర పాడుచేసుకోలేదు. ఆయన మీట నొక్కేవారు, నేను కలుపుకునేదాన్ని. ఆయన భార్య చెల్లో, అంటే మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది, వాయించేవారు, ఇంకో ఇద్దరు చెక్క ఫ్లూట్లు.

కోవిడ్ వచ్చి హాలు మూతపడింది. ఐదు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదన్నారు. వీడియో కాల్‌లో కలిసి వాయించబోతే, ఒకరి స్వరం ఇంకొకరికి చేరేసరికి తాళం ఎప్పుడో దాటిపోయేది. విసుగొచ్చి మానుకున్నాం.

ఆ చలికాలం పెద్దాయన్ని కోవిడ్‌తో ఆస్పత్రిలో చేర్చారు. భార్యను కూడా లోపలికి రానివ్వలేదు. మేం ఎన్నాళ్లుగానో సాధన చేస్తున్న ఒక నెమ్మది రచన వినాలని ఉందని ఆయన నర్సుచేత కబురు చేశారు. మిగతా నలుగురం ఎవరింట్లో వాళ్లం వాయించి గురువారం సాయంత్రానికి పంపాలి. ఆయన భార్య అన్నీ ఒకటిగా కలుపుతారు. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి నర్సు ఆయనకు వినిపిస్తుంది. తాళం కోసం టక్ టక్ మనే చప్పుడొకటి ఆవిడ అందరికీ పంపారు. శ్రుతి ఇచ్చే మనిషి ఆస్పత్రిలో ఉన్నాడన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

నేను అలవాటుగా నా శ్రుతిపెట్టె తీసి, దానికి వయొలిన్ కలుపుకుని వాయించాను. పాట నడిపే భాగం నాదే. ఇంత శ్రుతిశుద్ధంగా ఎప్పుడూ వాయించలేదని మురిసిపోయాను కూడా. గురువారం చీకటి పడుతుండగా పంపాను.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికే ఆఫీసు ఇండియా టీమ్‌తో ఇంటినుంచే మీటింగ్. ఫోన్ వంటింట్లో వదిలేశాను. పదిన్నరకు మా ఆయన తెచ్చిచ్చాడు. "ఆవిడెవరో మూడుసార్లు చేసింది. సైలెంట్‌లో పెట్టి పారేస్తే ఎలా?" అన్నాడు.

ఆవిడ మెసేజ్ పెట్టారు: "నీ భాగం ఒక్కటే కలవడం లేదు, లవ్. అర స్వరం పైనుంది. తొమ్మిదిలోపు మళ్లీ పంపగలవా?"

నా శ్రుతిపెట్టెది ఇప్పటి శ్రుతి. ఫ్లూట్లు పాత శ్రుతికే చేసినవి, ఆవిడ చెల్లోను వాటికే కలుపుకున్నారు. రికార్డింగ్‌ను కంప్యూటర్‌లో అర స్వరం దించడం రెండు నిమిషాల పని. అది ఆవిడకు తెలియదు. తెలిసిన నేను, ఎవరూ వినని మీటింగ్‌లో తలాడిస్తూ కూర్చున్నాను. అప్పటికప్పుడు దించి పంపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ మధ్యాహ్నమే ఆయన్ని వెంటిలేటర్ మీద పెట్టారు. మరి లేవలేదు.

అంత్యక్రియలయ్యాక ఆవిడకు ఫోన్ చేశాను. క్షమించమని అడగడానికి చేశాను, అడిగేలోపే ఏడ్చేశాను. ఆవిడే చెప్పారు.

"నీ భాగం లేకుండానే వినిపించారు. వయొలిన్ ఏదని వెంటనే అడిగాడట. ఆక్సిజన్ మాస్కు కిందే నీ పాట తనే కూనిరాగం తీశాడట. ఊపిరందక మధ్యలో ఆపేశాడట. ఏడవకు, లవ్. ఇట్స్ గ్రాండ్." పర్లేదనడానికి ఇక్కడివాళ్లు అనే మాట అది.

"ఎక్కడ ఆపారు?" అని అడిగాను.

"ఆ నర్సుకు సంగీతం రాదమ్మా. ఎక్కడని చెప్తుంది?"

ఇప్పటికీ ఆ పాట ఎత్తుకుంటాను. ప్రతి వరుస దగ్గరా, ఇక్కడేనా, ఇక్కడేనా అనిపిస్తుంది. చివరిదాకా ఒక్కసారి కూడా వాయించలేకపోయాను.