గోదావరికి చేరాల్సిన ఎముక

పొద్దున్నే పక్కింటి అవ్వ కొడుకు వచ్చి, "అవ్వ పోయింది అన్నా" అని మా గడపలోనే కూలబడ్డాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఇక మా కంఠేశ్వర్ వీధిలో పాలవాణ్ణి ఎవరు నిలదీస్తారు అనిపించింది.

అవ్వకు అందరి మీదా అనుమానమే. పాలచుక్క గోటి మీద వేసి, జారిందో నిలిచిందో చూసేది. బీడీ కార్ఖానాలో ఆకు తూస్తుంటే తక్కెడ మీంచి చూపు తిప్పేది కాదు. "నవ్వుకుంట మాట్లాడెటోన్ని నమ్మకు బిడ్డా" అనేది. నేను నవ్వితే నన్నూ అలాగే చూసేది.

ఆమె జారిపడి తుంటి విరిగినప్పుడు ఎముకల డాక్టరు, తొడ ఎముక పైన విరిగిన గుండు తీసేసి స్టీలుది పెడతానన్నాడు. తీసినదాన్ని పరీక్షలు చేసి ఫ్రీజర్‌లో దాచి, ఎముక పోయినవాళ్లకు వేస్తానన్నాడు. అడిగేవాళ్లే తప్ప ఇచ్చేవాళ్లు లేరమ్మా అని బతిమాలాడు.

"నా బొక్క అమ్ముకుంటవా?" అంది అవ్వ. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం.

ఆమె అసలు భయం వేరు. మా వైపు దహనమయ్యాక ఎముకలు ఏరి గోదావరిలో కలుపుతారు. "ఒక్క బొక్క ఈడ్నే ఉంటే నేనెట్ల దాటుత బిడ్డా?" అని నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. అవ్వ ఏడవగా చూడటం అదే మొదలు.

చివరికి, "ఎవరికి ఏస్తవో సూపియ్యి" అంది. డాక్టరు ఒకతన్ని ఒప్పించి, చక్రాల కుర్చీలో మంచం దగ్గరికి తెచ్చాడు. ఎడపల్లిలో చెరుకు ట్రాక్టరు నడిపే మనిషి. బండి బోల్తాపడి మోకాలి కింద ఎముక నుజ్జయింది. కాలు తీసేస్తారేమోనని హడలిపోయి ఉన్నాడు.

అవ్వ ఎగాదిగా చూసింది. "తాగుతవా?"

"లేదవ్వా."

"అబద్ధం" అంది. అయినా ఇచ్చింది.

తర్వాత అతను ఎప్పుడొచ్చినా వాకిట్లో నడిపించి చూసేది. "కుంటుతున్నవేంది? నా బొక్కను సక్కగ సూస్కుంటలేవా?" అని గదిమేది. అతను వెళ్లాక నాతో, "నేను సచ్చిననాడు గీడు గోదాట్ల కాలు పెడతడా? పనైనంక ఎవడొస్తడు!" అనేది. అతన్ని మాత్రం ఎన్నడూ అడగలేదు. అడిగితే వచ్చేవాణ్ణి ఏం నమ్మాలి అని ఆమె పట్టుదల.

మూడోనాడు ఎముకలు ఏరుకొని గోదావరికి వెళ్లాం. నేనూ అవ్వలాగే, చావు కబురు విన్నా అతను రాడులే అనుకుంటూ రేవు దిగాను. అతను అప్పటికే నీళ్ల అంచున ప్యాంటు పైకి మడుచుకుంటున్నాడు.

"అవ్వ బొక్క నా కాల్ల ఉన్నది గదన్నా. నేను రాకుంటె ఎట్ల?" అన్నాడు. నాకప్పుడు ఏడుపొచ్చింది.

అతను మెల్లగా నీళ్లలోకి నడిచాడు. మోకాలి కింది పొడుగాటి మచ్చ మునిగేదాకా అవ్వ కొడుకు కుండ వంచలేదు.