అల్విన్ పండించిన చీజు

అల్విన్ నోట్లో నాలుక లేని మనిషి. టోగెన్‌బుర్గ్ కొండల్లో, వాళ్ళ నాన్న చీజు చేసిన రాగి కాగులోనే తనూ చేస్తూ తల నెరిసినవాడు. ఒక పొద్దున ఆ కాగు ముందు నిలబడ్డవాడు పాలు మాడిపోతున్నా కదల్లేదట. భార్య ఒట్టిలీ అతన్ని సరస్సు ఒడ్డున ఉన్న మా పిచ్చాసుపత్రికి తీసుకొచ్చింది. నేనక్కడ వంటమనిషిని.

ఇంకో డాక్టరైతే తలకు కరెంటు పెట్టించేవాడు. మా లూటి డాక్టరు దారి వేరు. జబ్బుకు పేరు పెట్టడం తర్వాత, ముందు ఆ మనిషికి లోకం ఎలా ఉందో అతని నోటే వినాలంటాడు. కుర్చీ వేసుకుని వారాల తరబడి విన్నాడు. అల్విన్ చెప్పిందల్లా ఒకటే.

"రేపనేది నా దాకా రావట్లేదండీ. రేపు లేకపోతే పాలు చీజెలా అవుతాయి?"

"అదేం మాటయ్యా, తెల్లారితే అదే వస్తుంది!" అని నేను కసిరాను. డాక్టరు నన్ను కసిరాడు.

"ఆయన్ని దిద్దకండి వెరెనా గారూ. ఆయనున్న చోటికి మనమే వెళ్ళాలి."

"వెళ్తాం సరే, తిరిగొచ్చే దారేది?" అన్నాను. నాకు ఒళ్ళు మండింది.

దానికి ఆయన ఆలోచించిన ఉపాయం చీజు. మా నేలమాళిగలో అల్విన్ చేత ఒక చీజు చేయించాలి. రోజూ దాన్ని తిప్పుతూ ఉప్పునీళ్ళతో రుద్దుతుంటే, అది నెలల తరబడి మాగి పండేనాటికి అతనిలోనూ కాలం కదలొచ్చు. కదిలితే ఇంటికి పంపిస్తానని ఒట్టిలీకి మాటిచ్చాడు.

అల్విన్ ఒక్కరోజు కూడా మానలేదు. చలికాలం పోయింది, సరస్సులో పడవలు తిరిగాయి, చీజు బంగారు రంగుకొచ్చింది. ఎందుకు దాచాలి, నాకూ కొండంత ఆశ పుట్టింది.

కోసే రోజున ఒట్టిలీ అతని ఆదివారపు కోటూ బూట్లూ సంచిలో పెట్టుకుని వచ్చింది. అల్వినే కోశాడు. అబ్బ, ఏం చీజది! డాక్టరు సిగ్గుపడకుండా రెండో ముక్క అడిగాడు.

"చూశావా, పాలు చీజయ్యాయి. ఇంక ఇంటికి పోదాం పద," అంది ఒట్టిలీ.

అల్విన్ ముక్క నమిలి మింగాడు.

"బాగా పండింది. దీనికి రోజులు గడిచాయి ఒట్టిలీ. నాకు గడవలేదు. నువ్వు నన్నిక్కడ దింపావు చూడూ, ఇంకా ఆ రోజే."

డాక్టరు కళ్ళద్దాలు తీశాడు. "ఆయన చెప్పేది నాకు పూర్తిగా అర్థమైంది," అన్నాడు మెల్లగా.

"మీకర్థమైతే నాకేం ఒరిగింది?" ఒట్టిలీ భగ్గుమంది. "నా మొగుణ్ణి నాకివ్వండి డాక్టరుగారూ!"

నేను చీజు మూటగట్టి ఇవ్వబోతే ఆమె దాని వైపు చూడను కూడా లేదు. కోటూ బూట్లూ మాత్రం పట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఉల్లిపాయల కోసం నేలమాళిగలోకి దిగాను. అల్విన్ నిన్నటిదాకా చీజున్న ఖాళీ చెక్కను ఉప్పునీళ్ళతో రుద్దుతున్నాడు.

"అక్కడేముందని రుద్దుతున్నావయ్యా?"

"ఏమీ లేదు వెరెనా. నాకు తెలుసు," అన్నాడు. చెయ్యి మాత్రం ఆపలేదు.

బకెట్‌లో నీళ్ళు అడుగంటాయి. పైకి వెళ్ళి ఇంకో బకెట్ ఉప్పునీళ్ళు కలుపుకొచ్చి అతని పక్కన పెట్టాను.