స్లైడు మీద ఏం లేదన్నరు

నా భార్య పరీక్షకు పోయిన పొద్దు ఇల్లంత మరిగిన వేపాకు వాసన. ఆసిఫాబాద్‌ల మా గల్లీ పక్కనే ఆడోళ్లకు గర్భసంచి మూతి క్యాన్సర్ పరీక్ష చేస్తమని క్యాంపు పెట్టిండ్రు. పరాయి మనిషి చూస్తదన్న సిగ్గుతోని, బాలింతప్పుడు అత్త నేర్పినట్టు, వేపనీళ్లల్ల పటిక కలిపి లోపలిదాక కడుక్కొని పోయింది. అక్కడ చెక్కపుల్లతోని గీకి, గాజు స్లైడు మీద రాసి పంపిండ్రు. కొన్నాళ్లకు ఏం లేదన్నరు.

ఏడాది తిరిగేసరికి బట్టల మీద మరకలు. కరీంనగర్ పెద్ద దవాఖానకు పోదాం పా అంటె ఒకటే జవాబు: "స్లైడు మీద ఏం లేదన్నరు కద. ఉత్తగ పరేషాన్ చెయ్యకు." మేం పోయేనాటికి రోగం లోపలంత పాకింది. ఆమె పోయినంక గుడ వంటింట్ల నుంచి ఆ మాట వినపడుతనే ఉన్నది.

నేను ఏడో తరగతి కాడ ఆగినోణ్ని. మాకు ఎవ్వలు చెప్పనిది లైబ్రరీల కూసోని చదువుకున్న. స్లైడు పరీక్షల గీకిన కణాలను వెంటనే స్పిరిట్‌ల పెట్టాలె, ఆరితె చెడిపోతయ్. అవే కణాలను మందునీళ్ల సీసాల వేస్తె ఆరిపోయే ఫికర్ లేదు. సిర్కా లాంటి పుల్లటి మందు పూసి కంటితోని చూసేది ఇంకోటి. తేడా ఉన్న జాగ తెల్లబడ్తది, జవాబు అప్పుడే. ఈ రోగం తెచ్చే వైరస్‌ను వెతికే పరీక్షయితె రోగం మొలకెత్తకముందే పసిగడ్తది. ఏది మేలో డాక్టర్లను వాదించుకోనియ్. రెండు రోజుల ముందునుంచి లోపల కడుక్కోవద్దని ముందుగాల చెప్పాల్నా, వద్దా? కడిగితె కణాలు నీళ్లతోని పోవచ్చు. క్యాంపు మైకుల పెద్దమనుషుల పేర్లు మళ్లమళ్ల చదివిండ్రు, గీ ఒక్క ముక్క చెప్తె నోరు పడిపోయేదా? ఆమెకు కడుక్కునుడు వల్లనే తప్పిపోయిందా అంటె ఏ డాక్టరూ అవునన్లే, కాదన్లే. నాకు నిద్ర పట్టనియ్యనిది అదే.

మొన్న చలికాలం కరీంనగర్‌ల బిడ్డ ఇంట్ల ఉన్న. ఆమెకు ఆ పొద్దు వైరస్ పరీక్ష. లేచేసరికి వేపాకు వాసన. ఒక్క గడియ నా భార్యే వచ్చిందనుకున్న. అంతట్లనే బాత్రూం గొళ్లెం పడ్డ సప్పుడు. ఉరికి తలుపు బాదిన.

"బిడ్డా, ఆ నీళ్లు లోపలికి పోసుకోకు!"

చెంబు సప్పుడు ఆగింది. "ఏం మాటలు బాపు అవి? గల్లీ అంత వింటది."

"విననియ్! మీ అవ్వ గట్లనే కడుక్కొని పోయింది. కడిగితె పరీక్షకు ఏం దొరుకుతది?"

చెంబు కింద పెట్టిన సప్పుడు వచ్చింది. తర్వాత మెల్లగ, "నిన్న పొద్దుగాల గుడ కడుక్కున్న బాపు. అవ్వ నేర్పిందే."

"అయితె ఇయ్యాల పోకు. రెండు రోజులు కడుక్కోకుంట ఆగి పో."

"ఇగ అప్పటిదాక బాత్రూం కాడ కావలి కూసుంటవా?"

"కూసుంట."

నర్సుకు ఫోన్ చేస్తె ఆమె గుడ ఆగి రమ్మన్నది. ఆగే పోయింది. వైరస్ ఉన్నదని వచ్చింది. అది క్యాన్సర్ కాదు, దగ్గరగ చూసి, అవసరమయితె చెడిన జాగను ఇప్పుడే తీసేస్తమని డాక్టరమ్మ చెప్పింది. బిడ్డ కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. నేను గోడకు ఒరిగి గుండెనిండ ఊపిరి పీల్చిన.

"ఏంది బాపు, నాకు రోగమంటె నీ మొఖం గట్ల తేటపడ్డది?"

"కనపడ్డది బిడ్డా," అన్న. "ఈసారి కనపడ్డది."