తేదీ ఖాళీగా ఉన్న కార్డు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. దెయ్యాల కథలంటే మాత్రం చెవి కోసుకుంటాను. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా నాకు డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, కర్మ కార్డులు, ఫ్లెక్సీలు చేస్తాను. గిరాకీ లేనప్పుడు ఒక అమెరికా రచయిత జీవితాన్ని తెలుగులో రాసుకునేవాణ్ణి.

ఆయన పాతకాలం మనిషి. ఒక చేత్తో వణుకు పుట్టించే కథలు, ఇంకో చేత్తో వెటకారం రాశాడు. ఊళ్లో పెద్దమనుషులు బతికుండగానే వాళ్ల చావు వార్తలు రాసి పత్రికలో వేసేవాడట. చివరికి తనదీ రాసుకున్నాడు, తేదీ ఒక్కటే వదిలేసి. ఆ పేజీ దగ్గర నాకు నవ్వాగలేదు.

నవ్వి ఊరుకున్నా బాగుండేది. పాత కర్మ కార్డు ఫైలు తెరిచి, దండ లోపల నా ఫోటో, కింద నా పేరు పెట్టి, తేదీ ఖాళీగా ఉంచి ఒక ప్రింటు తీశాను.

మా వైపు చావు కార్డు చదవగానే చింపేస్తారు. నేను టేబుల్ మీదే ఉంచుకున్నాను. మధ్యాహ్నం మర్రిపాడు నుంచి నాయన వచ్చాడు. ఆయనకు చదువు రాదు. కానీ దండ చూశాడు.

"ఏందిరా ఇది? బతికుండే మనిషికి చావు కార్డా?"

"తమాషాకి చేసినాను నాయనా."

"చింపకుండా పెట్టుకోనుండావే! అంత సరదాగా ఉంటే నా ఫోటో పెట్టుకోరా. నీకు చిన్నబిడ్డలుండారు."

బయట చింపేస్తానని కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. టీ కూడా తాగకుండా బస్సెక్కాడు.

తొమ్మిదో రోజు పొద్దున మేకల దగ్గర కూలబడి, అక్కడికక్కడే పోయాడు. గుండెపోటన్నారు.

స్నానం చేయించేటప్పుడు చొక్కా నేనే విప్పాను. జేబులో ఆ కాగితం ఉంది, అవే నాలుగు మడతలతో. తెరిచాను. దండ లోపల నేను లేను, నాయన ఉన్నాడు. పేరు నాయనది. తేదీ ఆ రోజుదే.

వేరే షాపులో చేయించాడేమోనని ఉదయగిరి, వింజమూరు కూడా తిరిగి అడిగాను. ఎవరూ చేయలేదు. చేసినా చచ్చే రోజు ఎవరికి తెలుస్తుంది? పైగా కాగితం అంచున నా ప్రింటర్ ఎప్పుడూ గీసే సన్నని నల్లగీత ఉంది.

కాగితం చింపేశాను. రచయిత జీవితం ఆ పేజీ దగ్గరే ఆపేశాను. నాయన నా బదులు వెళ్లాడా? ఆ ఆలోచన నన్ను నిలవనీయడం లేదు.

కంప్యూటర్లో ఫైలు అలాగే ఉంది, నా ఫోటోతోనే. తీసేద్దామని తెరిచినప్పుడల్లా ముందు తేదీ చోటే చూస్తాను. ఇప్పటికైతే ఖాళీగానే ఉంది.